సవరం, హెయిర్ టాపర్: సహజకేశాలకు హాని లేని ధారణ

హెయిర్ టాపర్ అనేది పాపిడి పొడవునా, నడినెత్తిన జుట్టు పలచబడినవారు ఆ మేరకు మాత్రమే కప్పుకొనేందుకు ధరించే పాక్షిక కేశపీఠం. తల మొత్తాన్ని కప్పే విగ్గుకూ, ఉన్న జడకు పొడవునూ ఒత్తునూ చేర్చే సవరానికీ ఇది నడుమ ఉంటుంది. పలుచని వలగుడ్డ మీద గాని, పట్టు పొర మీద గాని, సన్నని పాలియురెథేన్ పొర మీద గాని వెంట్రుకలను ఒక్కొక్కటిగా ముడివేసి, ఆ పీఠం అంచులకు లోపలివైపున చిన్న క్లిప్పులు కుట్టి దీన్ని తయారుచేస్తారు. పురుషులు వాడేదాన్ని సెలూన్లలో హెయిర్ ప్యాచ్ అంటారు. దానిని క్లిప్పులకు బదులుగా తరచు టేపుతోనో జిగురుతోనో మాడుకు అతికిస్తారు. టాపర్ వల్ల సొంత జుట్టుకు చేటు కలిగితే, చాలా సందర్భాలలో ఆ చేటు పైకి కనిపించే వెంట్రుకల నుంచి గాక, అది తలను పట్టుకొనే చోటు నుంచి వస్తుంది. ఎంపికలోనైనా, ధారణలోనైనా ముందుగా చూడవలసింది దాని బరువు ఏ కుదుళ్ళ మీద, ఎన్ని కుదుళ్ళ మీద, ఎంతసేపు పడుతోందన్నదే.

కొంగునాటి తెలుగిళ్ళలో సవరం

తమిళనాడు పశ్చిమభాగమైన కొంగునాటిలో, తిరుప్పూరు జిల్లాకు చెందిన అవినాశి, కోయంబత్తూరు నుంచి ఈరోడు, సేలముల వైపు సాగే రహదారి మీద ఉన్న పాత ఊరు; సుందరమూర్తి నాయనారు మొసలి మింగిన బాలుణ్ణి బ్రతికించిన కథతో ముడిపడిన అవినాశిలింగేశ్వరాలయం వల్ల ప్రసిద్ధమైంది. విజయనగర రాజుల కాలంలోనూ, 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన మధుర నాయకుల పాలనలోనూ దక్షిణానికి తరలివచ్చిన తెలుగువారి సంతతి ఈ ప్రాంతమంతటా విస్తరించి ఉంది. కమ్మవారు, బలిజలు, అరుంధతీయులు మొదలైన వారు ఇంట తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం చదువుకొంటూ వచ్చారు. తెలుగులో సవరమనీ తమిళంలో సవురి అనీ పిలిచే కేశపాశం ఈ రెండు భాషలవారికీ ఉమ్మడి వస్తువు. పెండ్లికూతురి జడకు సవరం చేర్చి, నెత్తిన రాకొడి పెట్టి, జడ పొడవునా పూలజడ కుట్టి, చివర జడకుప్పెలు వేలాడదీసే అలంకరణ తెలుగు వివాహాలలో నేటికీ నిలిచి ఉంది. అవినాశికి చేరువలోని సత్యమంగలం మల్లె తోటలకు పేరుపొందిన ఊరు కావడంతో ఇక్కడ పూలకు కొరత ఉండదు. తంజావూరు జిల్లాలోని మేలట్టూరులో జరిగే భాగవతమేళలో తెలుగు యక్షగానాలను ప్రదర్శించే పురుషులు స్త్రీ పాత్రలకు జడ కట్టుకొనే సంప్రదాయం కూడా ఈ కోవలోనిదే.

సవరం ఒక చివర నూలుతో గట్టిగా కట్టిన వెంట్రుకల పాయ. జడను మూడు పాయలుగా విడదీసి, మెడ దగ్గర గాని అంతకు కొంత దిగువన గాని దానిని ఒక పాయతో కలిపి అల్లుతారు. అందువల్ల దాని బరువు క్రిందికి లాగినా, ఆ లాగుడును తలమీది వెంట్రుకలన్నీ కలిసి మోస్తాయి; పైగా రాత్రి పడుకొనే ముందు జడ విప్పితే సవరం దానంతట అదే విడివడుతుంది. బరువును పంచడం, రాత్రి దించడం అనే ఈ రెండు గుణాలే దానిని చాలాకాలం నిరపాయంగా ఉంచాయి. అయితే పాత పద్ధతి అంతా మేలైనదని చెప్పడానికి వీలులేదు. నీళ్ళు చల్లిన పూలజడ, కుప్పెలు, సవరం కలిసి ముహూర్తం నుంచి విందు ముగిసేదాకా వేలాడినప్పుడు నుదుటి పైనా, చెంపల దగ్గరా ఉన్న సన్నని వెంట్రుకలే ముందుగా నొప్పి పుట్టిస్తాయి. ఆ నొప్పిని పెండ్లి సంబరంలో ఎవరూ లెక్కచేయరు.

టాపర్‌లో ఈ అమరిక తలక్రిందులవుతుంది. నాలుగు నుంచి ఆరు క్లిప్పులు, ఒక్కొక్కటి చిన్న పాయను మాత్రమే పట్టుకొని, మొత్తం బరువును నిలుపుతాయి. ఆ క్లిప్పులు పడే చోటు కూడా సాధారణంగా పలచబడిన ప్రాంతపు అంచు, అంటే ఇంకా పూర్తిగా పలచబడకపోయినా బలహీనపడడం మొదలైన భాగం. అన్నిటికంటె తక్కువ మోయగల వెంట్రుకల మీద అన్నిటికంటె ఎక్కువ భారం పడడమే టాపర్‌లోని మూలదోషం. సరైన ధారణ అంటే ఈ దోషాన్ని వీలైనంత సవరించడమే.

లాగుడు వల్ల కలిగే కేశనష్టం

కుదుళ్ళు ఎడతెగకుండా లాగబడడం వల్ల జుట్టు ఊడడాన్ని వైద్యులు ట్రాక్షన్ ఎలోపీషియా అంటారు. జుట్టును పైకి బిగించి కట్టుకొనే గ్రీన్‌లాండ్ స్త్రీలలో దీనిని 1907లో మొదటిసారి వర్ణించారు. తలమీది ప్రతి వెంట్రుకా కొన్నేళ్ళపాటు పెరిగి, రెండు మూడు వారాల సంధిదశ దాటి, సుమారు మూడు నెలలు విశ్రమించి రాలిపోతుంది. రోజుకు యాభై నుంచి నూరు వెంట్రుకలు రాలడం ఈ చక్రంలో సహజం. లాగుడు ఎక్కువైనప్పుడు కుదురు చుట్టూ వాపు పుట్టి, పెరుగుదల దశలోని వెంట్రుకలు కాలం తీరకముందే విశ్రాంతి దశకు మళ్ళుతాయి. ఈ స్థితిలో లాగుడు ఆపితే జుట్టు తిరిగి వస్తుంది. నెలలూ ఏళ్ళూ కొనసాగితే కుదురు క్రమంగా కుంచించుకొని, చివరికి దాని చోట మచ్చకణజాలం ఏర్పడుతుంది. అక్కడ ఇక వెంట్రుక మొలవదు.

తొలి గుర్తులను ఇంట్లోనే పసిగట్టవచ్చు. టాపర్ తీసిన వెంటనే క్లిప్పు ఉన్న చోట నొప్పి, కుదుళ్ళ దగ్గర చిన్న చిన్న పొక్కులు, పొట్టిగా తెగిన వెంట్రుకలు, పాపిడిలో మునుపు లేని ఒక కొత్త పలుచని మచ్చ కనిపించడం వీటిలో ముఖ్యమైనవి. వెంట్రుక మొదలు చుట్టూ తెల్లని సన్నని గొట్టం వంటి తొడుగు ఏర్పడడం కూడా లాగుడుకు సూచనే. చాలామంది దీనిని చుండ్రనో ఈపులనో పొరబడతారు. ఈపి వెంట్రుకకు అంటుకొని కదలదు. ఈ తొడుగును రెండు వేళ్ళ నడుమ పట్టి లాగితే వెంట్రుక పొడవునా సులువుగా జారివస్తుంది. నుదుటి అంచున మాత్రం సన్నని వెంట్రుకల వరుస మిగిలి, దాని వెనుక జుట్టు ఖాళీ కావడం ఈ వ్యాధి ముదురుతున్నప్పుడు కనిపించే లక్షణం.

టాపర్‌లోని వెంట్రుకలు

మానవ కేశాలతో చేసిన టాపర్లకు ఒక ముఖ్య మూలం దేవాలయాలలో సమర్పించే తలనీలాలు. తిరుమల కల్యాణకట్టలో చేరిన తలనీలాలను తిరుమల తిరుపతి దేవస్థానం వేలం వేస్తుంది. అవినాశి వాసులకు దగ్గరైన పళని దండాయుధపాణి సన్నిధిలోనూ మొక్కుబడి జుట్టు ఇలాగే పోగవుతుంది. 

సొంత జుట్టు క్షేమానికి టాపర్ వెంట్రుకల మూలంతో నేరుగా సంబంధం ఉంది. వెంట్రుక పైపొర ఇంటి పెంకుల్లా ఒకదానిపై ఒకటి ఒరిగిన పొలుసులతో ఏర్పడి, మొదలు నుంచి కొసవైపు పరచుకొని ఉంటుంది. తలనీలాలను గొరిగిన వెంటనే మొదళ్ళన్నీ ఒకవైపు ఉండేలా కట్టలు కడితే పొలుసులన్నీ ఒకే దిశలో ఉంటాయి. వ్యాపారంలో దీనినే రెమీ జుట్టు అంటారు. దువ్వెనకు వచ్చిన చిక్కుజుట్టును ఇంటింటా కొని పోగుచేసినది అలా కాదు, మొదళ్ళూ కొసలూ కలగలిసిపోతాయి. దానిని ఆమ్లంతో కడిగి పొలుసులు తొలగించి, సిలికాన్ పూతతో నునుపు చేస్తారు. కొన్నాళ్ళ తలస్నానాలకు ఆ పూత పోగానే వెంట్రుకలు గరుకెక్కి, ధరించినవారి సొంత జుట్టుతో కలిసి చిక్కుపడతాయి. ఆ చిక్కును విడదీసేటప్పుడు తెగేది ఎక్కువగా సొంత వెంట్రుకే. చవకైన సింథటిక్ నారతోనూ మెడ దగ్గర రాపిడివల్ల ఇదే ఇబ్బంది వస్తుంది. కాబట్టి పొడవు విషయంలో ఆశ తగ్గించుకొని, పొట్టిదైనా రెమీ జుట్టుతో చేసిన తేలికైన టాపర్‌ను ఎన్నుకోవడం మేలు. పొడవు పెరిగేకొద్దీ బరువూ చిక్కూ రెండూ పెరుగుతాయి.

అమర్చుకొనే పద్ధతి

పీఠం పలచబడిన భాగంకంటె అన్నివైపులా కొంత పెద్దదిగా ఉండాలి, ఎందుకంటే క్లిప్పులు ఒత్తుగా ఉన్న జుట్టు మీద పడాలంటే పీఠం ఆ మేరకు చేరవలసి ఉంటుంది. పలుచదనానికి సరిగ్గా సరిపోయేలా చిన్నది కొనడం సాధారణంగా జరిగే పొరపాటు. టిక్‌టాక్ క్లిప్పులనబడే, నొక్కితే మూసుకొనే రకంలో లోపల సిలికాన్ గొట్టం తొడిగినవి వెంట్రుకను కోయకుండా పట్టుకొంటాయి. నికెల్ లోహం పడనివారికి పూత ఊడిన క్లిప్పు దురదను, తామర వంటి మచ్చలను తెస్తుంది.

జుట్టు పూర్తిగా ఆరిన తరువాతనే టాపర్ పెట్టుకోవాలి. తడిసిన వెంట్రుక సాగి, త్వరగా తెగుతుంది. క్లిప్పు నిలవడానికి ఆ చోట జుట్టును వెనక్కి దువ్వి ఉబ్బించడం కొందరి అలవాటు. అది పొలుసుల పొరను చెరుపుతుంది. దానికి బదులు ఆ చోట చిటికెన వేలంత వదులైన జడ అల్లి, దానికి క్లిప్పు తగిలిస్తే భారం మరిన్ని వెంట్రుకల మీద పంచుకొంటుంది. సవరంలోని సూత్రమే ఇక్కడ చిన్న మేరలో తిరిగి పనికివస్తుంది. కనుబొమలు పైకెత్తినప్పుడు, తల వంచినప్పుడు ఎక్కడైనా చురుక్కుమంటే ఆ క్లిప్పు బిగువని అర్థం. ప్రతిరోజూ ఒకే కుదుళ్ళు మోయకుండా పీఠాన్ని ఒక సెంటీమీటరు ముందుకో వెనక్కో జరపడం, కొన్ని నెలలకొకసారి క్లిప్పులను విప్పి వేరేచోట కుట్టించుకోవడం అవసరం. ఈ కుట్టుపనికి ప్రత్యేక నిపుణులు అక్కరలేదు. సూది దారం పట్టగలవారెవరైనా చేయగలరు.

తీసేటప్పుడు అన్ని క్లిప్పులనూ తెరిచిన తరువాతనే పీఠాన్ని ఎత్తాలి. నిద్రలో టాపర్ ఉంచుకోకూడదు, దిండు రాపిడికి క్లిప్పులు పక్కకు లాగుతాయి. ద్విచక్రవాహనం మీద తిరిగేవారికి హెల్మెట్ ఒత్తిడి క్లిప్పును మాడులోకి నొక్కుతుంది గనుక, గమ్యం చేరాక టాపర్ పెట్టుకోవడమో, హెల్మెట్ ఒత్తని చోటికి క్లిప్పు మార్పించుకోవడమో మంచిది. ఇంట ఉన్నప్పుడు తల ఖాళీగా ఉంచడం అన్నిటికంటె సులువైన రక్షణ.

అతికించే ప్యాచ్‌ల తీరు వేరు. వాటికోసం నడినెత్తిని గొరగడం వల్ల కుదుళ్ళు చావవు, కాని వారాల తరబడి పొర క్రింద చెమట, జిడ్డు, మృతకణాలు నిలిచి చుండ్రును పెంచే మలసీజియా శిలీంధ్రానికి అనువైన చోటు ఏర్పడుతుంది. జిగుళ్ళలోని ఎక్రిలేట్లు కొందరి చర్మానికి పడవు. అందువల్ల మోచేతి లోపలి భాగంలో కొద్దిగా రాసి రెండు రోజులు చూసిన తరువాతనే తలకు వాడాలి. అతుకును లాగి ఊడదీయడం అంచులోని వెంట్రుకలను కుదుళ్ళతో పెరుకుతుంది, కనుక జిగురు కరిగించే ద్రవంతో నానబెట్టి నిదానంగా తీయాలి. మినాక్సిడిల్ వంటి పూతమందు వాడేవారికి, మందు ప్రతిరోజూ మాడుకు తగలవలసి ఉండగా, వారాలపాటు అతుక్కొని ఉండే ప్యాచ్ చికిత్సకే అడ్డు.

నీరు, నూనె, అరప్పు

అవినాశి పరిసరాలు నీటి ఎద్దడి ఉన్నవి; భవానీ నది మిగులు నీటితో చెరువులనూ కుంటలనూ నింపి భూగర్భజలాన్ని పెంచేందుకు ఉద్దేశించిన అత్తికడవు–అవినాశి పథకం దశాబ్దాల నిరీక్షణ తరువాత 2024 ఆగస్టులో ప్రారంభమైంది. బోరునీటి కాఠిన్యం వల్ల కాల్షియం లవణాలు వెంట్రుకల మీద పేరుకొని, సబ్బుతో కలిసి మరకలా అంటుకొంటాయి. తల మీద పెరిగే జుట్టుకు కుదుళ్ళ నుంచి జిడ్డు అందుతుంది గాని టాపర్‌లోని జుట్టుకు అది లేదు, కాబట్టి ఈ గరుకుదనం దానిలో త్వరగా కనిపిస్తుంది. పట్టిన వాననీటితోనో, కోయంబత్తూరులో దొరికే మెత్తని శిరువాణి నీటితోనో చివరిసారి జాడించడం మేలు.

కొంగునాటి ఇళ్ళలో తలంటుకు వాడే అరప్పు, ఉసిల చెట్టు ఆకులను ఎండబెట్టి దంచిన పచ్చని పొడి. సొంత జుట్టుకు ఇది మంచిదే. టాపర్‌కు మాత్రం పనికిరాదు. మెత్తని రేణువులు వలగుడ్డ కన్నాల్లో, ముడుల మధ్య ఇరుక్కొని, ఎన్నిసార్లు జాడించినా వదలవు, ఆపై మాడును గీకుతాయి. సీకాయపొడికీ కుంకుడు గుజ్జుకూ ఇదే వర్తిస్తుంది. తలకు నూనె పెట్టిన రోజున క్లిప్పు జారుతుంది. జారుతోందని మరింత బిగించడం హానికి మొదలు. కనుక తలంటు రోజును టాపర్‌కు సెలవుగా పాటించడం సులభమైన నియమం.

ధరించకూడని సందర్భాలు

స్త్రీలలో వంశపారంపర్యంగా వచ్చే పలుచదనాన్ని లుడ్విగ్ అనే చర్మవైద్యుడు 1977లో మూడు దశలుగా విభజించాడు. మొదటి రెండింటిలో క్లిప్పులకు ఆధారమయ్యే జుట్టు ఉంటుంది. మూడవదానిలో నడినెత్తి దాదాపు ఖాళీ అవుతుంది గనుక మెత్తని అస్తరు ఉన్న పూర్తి విగ్గే తగినది. కాన్పు తరువాత రెండు నుంచి నాలుగు నెలలకు మొదలయ్యే రాలుడు సాధారణంగా ఏడాదిలోగా సర్దుకొంటుంది, ఆ కాలంలో బరువైన టాపర్ వేయడం తిరిగి మొలిచే లేత వెంట్రుకలను అణచివేయడమే. కీమోథెరపీ పొందుతున్నవారి వెంట్రుకలు మొదలుదగ్గరే పెళుసుగా తెగుతాయి, వారికి క్లిప్పులు బొత్తిగా పనికిరావు. మాడు మీద పుండు, చీము, ఎర్రని పొలుసులు ఉన్నా, నాణెమంత గుండ్రని ఖాళీలు హఠాత్తుగా కనిపించినా టాపర్‌తో కప్పకుండా ముందు చర్మవైద్యునికి చూపించాలి. రక్తహీనత, థైరాయిడ్ లోపం వంటి చికిత్సకు లొంగే కారణాలు కప్పు క్రింద ఏళ్ళతరబడి మరుగునపడిపోయే ప్రమాదం ఉంది.

పళనిలోనో తిరుమలలోనో తలనీలాలు ఇచ్చినవారు వెంటనే టాపర్‌ను ఆశ్రయించలేరు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. క్లిప్పు నిలవడానికి కనీసం అయిదారు సెంటీమీటర్లు కావాలి, అంటే అర్ధసంవత్సరం ఆగవలసి ఉంటుంది. ఆ లోగా తప్పనిసరి వేడుకలు వస్తే పూర్తి విగ్గునో, తలగుడ్డనో వాడడం కుదుళ్ళకు క్షేమం.