ఆకలి శీతకాలపు బిడ్డలు

మన యిండ్లలో ఏకాదశులు, నోములు, వ్రతములు క్రొత్త కావు. కాని గర్భిణి ఉపవాస ముండబోగా పెద్దలు వారించుటయు పరిపాటియే. తల్లి పస్తున్నచో కడుపులోని బిడ్డ కేమగును? దీనిని ప్రయోగము చేసి తెలిసికొనుట ఏ శాస్త్రజ్ఞునకును తగదు. ఆ క్రూరప్రయోగమును ఒక యుద్ధము చేసినది.

1944 సెప్టెంబరులో, లండనులో ప్రవాసమున నున్న డచ్చి ప్రభుత్వము పిలుపు నీయగా హాలెండు రైలు కార్మికులు సమ్మె కట్టిరి. ప్రతీకారముగా జర్మనులు పశ్చిమ మండలములకు ఆహారము చేరనీయరైరి. పిమ్మట ఆంక్ష కొంత సడలినను, చలికి కాలువలు గడ్డకట్టి పడవలు నిలిచిపోయెను. ఆమ్‌స్టర్‌డాములో మనిషికి దినమునకు 400 మొదలు 800 కాలరీల తిండియే దక్కిన దినములు వచ్చినవి. జనులు తులిప్ దుంపలు తినిరి. సుమారు 20,000 మంది మరణించిరి. 1945 మే నెలలో విముక్తి కలిగెను.

ఆ కరవు మొదలును తుదియు స్పష్టముగా తెలియును; కాన్పుల వివరములును పదిలముగా నుండెను. కావున ఏ బిడ్డ ఏ నెలలో ఆకలికి గురియయ్యెనో లెక్కించుట సాధ్యమైనది. చివరి నెలలలో గురియైన బిడ్డలు సగటున 300 గ్రాములు తక్కువ బరువుతో పుట్టిరి. తొలి నెలలలో గురియైనవారి బరువు ఇంచుమించు మామూలుగానే యుండెను. తల్లులకు మరల తిండి దొరకుటయే కారణము. కాని హాని అంతటితో తొలగలేదు. సైనిక పరీక్షలకు వచ్చిన మూడు లక్షల యువకుల వివరములు 1976లో వెలువడెను. గర్భము తొలి సగమున ఆకలి తగిలినవారిలో స్థూలకాయులు ఎక్కువ. వయసు మీరిన పిదప, తొలి నెలలలో ఆకలికి లోనైనవారిలో గుండెజబ్బులును హెచ్చుగా కనబడినవి.

కరవు వేరు, ఒకనాటి ఉపవాసము వేరు. రంజాను ఉపవాసము లున్న తల్లులపై జరిగిన పరిశీలనలను కలిపి చూడగా, బిడ్డల బరువులో చెప్పదగిన తేడా కానరాలేదు. ఇస్లాము సహితము గర్భిణికి సడలింపు నిచ్చియున్నది. అయినను 1982లో ప్రకటితమైన యొక పరిశోధన గమనింపదగినది: నెలలు నిండుచున్న గర్భిణులు 18 గంటలు తినకున్నచో, ఇతర స్త్రీలకంటె వేగముగా నెత్తురులో చక్కెర తగ్గి, కొవ్వు కరగగా వచ్చు కీటోనులు పెరుగును. బిడ్డకు ముఖ్యాహారము ఆ చక్కెరయే.

కావున చక్కెరవ్యాధి, రక్తహీనత గలవారు, బిడ్డ ఎదుగుదల చాలదని తెలిసినవారు ఉపవాసమునకు పూనుకొనరాదు. తక్కినవారును ముందుగా వైద్యుని అడుగవలెను. పూజ సాగించుటకు పస్తు అక్కరలేదు.