కొల్లేటి చెరువులు, విద్యుత్తు: ఒక కార్యకారణ చరిత్ర

శక్తి వినియోగం వృద్ధిని కలిగిస్తుందా, వృద్ధి వినియోగాన్ని పెంచుతుందా అన్న చర్చకు 1978లో జాన్ క్రాఫ్ట్, ఆర్థర్ క్రాఫ్ట్ అమెరికా లెక్కలపై చేసిన అధ్యయనం నాంది పలికింది. వృద్ధే ముందని వారు తేల్చారు. చమురు ఎగుమతి దేశాలలో చిక్కు మరింత ఎక్కువ. అక్కడ బయటికి అమ్మే సరుకూ ఇంధనమే, స్వదేశంలో చౌకగా పంచే రాయితీ కూడా అదే. అందువల్ల వినియోగం పెరిగినంత మాత్రాన ఉత్పాదకత పెరిగిందనలేము. రాయితీ విద్యుత్తుతో ఎగుమతి రొయ్యను పండించే కొల్లేటి ప్రాంతం ఈ ప్రశ్నను చిన్న పరిధిలో చూపుతుంది.

1976లో ప్రభుత్వం మత్స్యకార సహకార సంఘాలకు చెరువులు కల్పించిన నాటి సాగులో విద్యుత్తుకు పెద్ద పాత్ర లేదు. కట్టకు మట్టి, నింపడానికి కాలువ నీరు, మేతకు తవుడు, తోడడానికి డీజిల్ ఇంజను. బొచ్చె, శీలావతి పలుచగా పెరిగేవి. విద్యుత్తు కావలసింది ప్రధానంగా ఐసు ఫ్యాక్టరీలకు. అది చేప పట్టిన తరువాతి అవసరం. క్రాఫ్ట్‌ల నిర్ణయం ఆ దశకు చక్కగా సరిపోతుంది.

2009లో వనామి రొయ్యకు అనుమతి లభించాక దిశ మారింది. ఒత్తుగా పిల్లలను వదిలిన చెరువులో రాత్రివేళ కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది, శ్వాస మాత్రం ఆగదు. తెల్లవారుజాముకు ప్రాణవాయువు అట్టడుగుకు చేరుతుంది. ఏరియేటర్లు నిలిచిపోతే పంట కొద్ది గంటలలో పోతుంది. విద్యుత్తు ఇక్కడ వృద్ధికి ఫలితం కాదు, ముందస్తు షరతు. ప్రభుత్వం ఆక్వా విద్యుత్తు ధరను 2018లో యూనిట్‌కు 2 రూపాయలకు, 2019లో రూపాయిన్నరకు తగ్గించడంలోని రాజకీయం ఈ షరతు నుంచే పుట్టింది.

అయినా యూనిట్ల లెక్కను వృద్ధి కొలమానంగా తీసుకోవడం పొరపాటు. తెల్లమచ్చ వ్యాధితో నష్టపోయిన చెరువు కూడా అంతవరకు విద్యుత్తు తాగినదే. 1999లో ఐదవ కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించిన సరస్సులో, 2006లో అక్రమ చెరువుల కట్టలు తెగ్గొట్టారు. తగ్గిన ఉత్పత్తి ఆర్థిక లెక్కలలో నష్టంగా కనిపిస్తుంది. సరస్సుకు తిరిగి దక్కిన జాగాకు ఆ పట్టికలలో గడి లేదు.

పరిశోధకునికి మరో ఇబ్బంది ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడింది. కృష్ణా జిల్లా నుంచి కైకలూరు అందులో చేరింది, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలోనే మిగిలింది. జిల్లా పేరుతో తీసిన కాలశ్రేణి ఆ తేదీ వద్ద తెగిపోతుంది. కొల్లేటి లెక్క కట్టాలంటే జిల్లాను విడిచి సబ్‌స్టేషన్ల వారీగా, పంటకాలాల వారీగా కట్టవలసిందే.