హంపి–దివ్య డ్రా ఆటలు (బటూమి, 2025)

జార్జియాలోని బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్ చదరంగం ఫైనల్లో కోనేరు హంపికీ, నాగపూర్‌కు చెందిన దివ్యా దేశ్‌ముఖ్‌కూ మధ్య 2025 జులై 26, 27 తేదీల్లో డ్రాగా ముగిసిన రెండు క్లాసికల్ ఆటలు ఇవి. హంపిని విజయవాడ క్రీడాకారిణిగా రాయడం పత్రికల్లో వాడుకే అయినా, ఆమె 1987 మార్చి 31న కృష్ణా జిల్లా గుడివాడలో జన్మించినట్టు చెప్పే కథనాలే ఎక్కువ నమ్మదగినవిగా కనిపిస్తాయి. తండ్రి కోనేరు అశోక్ ఆమె తొలి శిక్షకుడు. 2002లో పదిహేనేళ్లు దాటి రెండు నెలలైనా నిండకముందే హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి దివ్య ఇంకా పుట్టలేదు.

ఫైనల్ నాటికి హంపి రేటింగు 2543, దివ్య రేటింగు 2463. ఆర్పాడ్ ఎలో రూపొందించగా అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) 1970లో స్వీకరించిన ఈ రేటింగు పద్ధతిలో, రేటింగుల తేడాను బట్టి ఎవరి నుంచి ఎంత ఫలితం ఆశించవచ్చో ఒక పట్టిక చెబుతుంది. 80 తేడాకు అందులో పైవారి వాటా 0.61, కిందివారి వాటా 0.39. డ్రా అయితే ఇద్దరికీ దక్కేది అర పాయింటే కనుక హంపికి 0.11 లోటు పడుతుంది. ఈ స్థాయి క్రీడాకారులకు వర్తించే 10 అనే గుణకంతో దాన్ని హెచ్చిస్తే ఒక్కో డ్రాకు 1.1 చొప్పున రెండింటికీ కలిపి 2.2 రేటింగు పాయింట్లు ఆమె ఖాతాలో తరిగి, దివ్య ఖాతాలో చేరతాయి.

అయితే వీటిని పైరేటింగు క్రీడాకారిణి చేజార్చుకున్న డ్రాలుగా చెప్పడం అంత సరికాదు. తొలి ఆటలో తెల్లపావులతో ఆడిన దివ్యకే మెరుగైన అవకాశం వచ్చిందనీ, దాన్ని ఆమె వదులుకున్నదనీ విశ్లేషకులు చెప్పిన మాటే సమంజసంగా తోస్తుంది. రేటింగు జరిగిపోయిన ఆటల లెక్క కనుక, పందొమ్మిదేళ్ల వయసులో ఇంకా ఎదుగుతున్న క్రీడాకారిణి బలాన్ని అది కొంత ఆలస్యంగానే పట్టుకుంటుంది.

క్లాసికల్ ఆటలు రెండూ డ్రా కావడంతో విజేతను తేల్చేందుకు 28న జరిగిన, తక్కువ సమయమిచ్చే ర్యాపిడ్ ఆటల్లో మొదటిది డ్రా కాగా, రెండోదాన్ని నల్లపావులతో గెలిచిన దివ్య కప్పుతోపాటు భారతదేశపు 88వ గ్రాండ్‌మాస్టర్ హోదానూ పొందింది.

డ్రా హంపికి మేలు చేసిన సందర్భమూ ఉంది. 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ కోసం చైనాకు చెందిన లే టింగ్జీతో ఆమె ఆడిన చివరి ఆట ఆర్మగెడాన్ పద్ధతిలో జరిగింది. ఇందులో తెల్లపావులవారికి సమయం ఎక్కువ ఇచ్చి, డ్రా అయితే నల్లపావులవారినే విజేతగా ప్రకటిస్తారు. నల్లపావులతో ఆడిన హంపి ఆ ఆటను డ్రా చేసి టైటిల్ గెలుచుకుంది.