లైకాయా, కాంటాక్సా?

పాత కెమేరాలయందు మక్కువ గలవారు నలుగురు చేరినచోట ఈ ప్రశ్న రాకమానదు. 90 ఏండ్లు దాటిన ఈ వివాదమున ఉభయపక్షములవారును నేటికిని పట్టు విడువరు. వారి వాదములను మనము కొంచెము విందము.

జర్మనీలోని వెట్స్‌లార్ పట్టణమున ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకాను లైట్స్ సంస్థవారు 1925లో విపణికి తెచ్చిరి. సినిమా ఫిల్ముపై బొమ్మలు తీయు చిన్న కెమేరా అది. అయితే వస్తువు ఎంత దూరమున నున్నదో కంటితో అంచనా వేసికొనవలసి యుండెను. 1932లో వచ్చిన రెండవ లైకాలో ఈ చిక్కు తొలగినది. అందు రేంజిఫైండరు లెన్సుతో జతపడి యుండెను. దానినుండి చూడగా వస్తువు జంటగా కనబడును. లెన్సును త్రిప్పుచుండ ఆ రెండును ఏకమైనచో దూరము కుదిరినట్లే. ఆ యేడే డ్రెస్డెన్ నుండి జైస్ ఐకాన్ వారి కాంటాక్సు పోటీకి దిగినది.

రేంజిఫైండరు ముందువైపున రెండు గవాక్షము లుండును. వాని నడుమ ఎడము పెరిగినకొలది దూరము నిక్కముగా తేలును. ఆ ఎడము లైకాలో సుమారు 4 సెంటీమీటర్లు. 1936 నాటి రెండవ కాంటాక్సులో 9. పైగా అందు దృశ్యమును, దూరమును ఒకే రంధ్రమునుండి చూడవచ్చును. నాటి లైకాలో రెంటికిని వేరు రంధ్రములు. కాంటాక్సు పక్షమువారు ఈ లెక్కలనే ముందుంచుదురు. లోహపు షట్టరును, మసకవెలుతురున పనికివచ్చు సోనార్ లెన్సును చేర్చి చెప్పుదురు.

లైకావారు నవ్వి, ఆ లోహపు షట్టరు పట్టీలు తెగిననాడు బాగుచేయువా రెవరని అడుగుదురు. తమ గుడ్డతెర షట్టరు నిరాడంబరము, చప్పుడు తక్కువ. ఛాయాచిత్రకారులను సాక్ష్యమునకు పిలిచి లాభము లేదు: కార్టియే-బ్రెస్సాన్ చేతిలో లైకా, 1944లో నార్మండీ తీరమున రాబర్ట్ కాపా చేతిలో కాంటాక్సు!

మేము మాత్రము తయారీదారులను సాక్షులుగా పిలుతుము. 1948లో జపానువారు మొదటి నికాన్‌ను చేయునపుడు ఆకారమును, లెన్సు బిగింపును కాంటాక్సునుండి గ్రహించిరి. షట్టరును మాత్రము లైకా తీరున గుడ్డతో చేసిరి. ఇక 1954లో లైకావారే తమ ఎం-3లో దృశ్యమును, దూరమును ఒకే రంధ్రమున చేర్చిరి. మరబిగింపును విడిచి, త్రిప్పి తగిలించు బిగింపును పెట్టిరి. ఈ రెండును కాంటాక్సు అంతకు పూర్వమే చూపినవి. గుడ్డతెరను మాత్రము వారు వదలలేదు.