చెరకు తోట నుండి కేకు పళ్లెం వరకు



దీపావళి వచ్చిందంటే డర్బన్ పరిసరాలలోని మన ఇళ్లలో ఇరుగుపొరుగులకు పంచే పళ్లెం సిద్ధమవుతుంది. ఆ పళ్లెంలో ఒక పక్క అరిసెలు, మరొక పక్క ఎండుద్రాక్ష నిండిన పండ్ల కేకు ముక్కలు. పిల్లలు అడుగుతుంటారు: “అవ్వా, అరిసె మనది. మరి కేకు ఎవరిది?” ఈ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పాలంటే వంటయింటి నుండి చరిత్రలోకి నాలుగడుగులు వేయక తప్పదు.

మనం ఎరిగిన పండ్ల కేకు ఇంగ్లీషువారి వెంట ఈ దేశానికి వచ్చింది. ఒకప్పుడు అది కలవారి వంటకం. 1840లో విక్టోరియా రాణి వివాహానికి చేసిన కేకు సుమారు 300 పౌన్ల బరువు తూగిందట. 1874లో బ్రిటన్‌లో చక్కెరపై సుంకం ఎత్తివేసిన పిమ్మట తీపి వంటలు సామాన్యుల ఇళ్లకూ చేరువయ్యాయి.

ఆ తీపికి మరొక చరిత్ర ఉన్నది. నేటాల్‌లో 1851లో మోర్‌వుడ్ అనే తోట యజమాని మొదటిసారి చక్కెర తీశాడు. తోటలు పెరిగాయి, పనివారు చాలలేదు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ నౌక మద్రాసు నుండి 342 మందితో డర్బన్ రేవు చేరింది. 1911లో ఈ వలస ఆగిపోయేనాటికి లక్షా యాభై రెండు వేల మందికి పైగా వచ్చారు. వారిలో విశాఖపట్నం, చిత్తూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతాల తెలుగువారు ఎందరో ఉన్నారు. అయిదేళ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం, తిండికి బియ్యం, పప్పు, నూనె, ఉప్పు. చెరకు నరికిన చేతులకు కేకు రుచి తెలియదు. కాని ఈ నేల మీద కాలిన కేకుల తీపిలో ఆ చేతుల కష్టం కలిసే ఉన్నది.

తరువాతి తరాలలో మనవారు కొందరు హోటళ్లలో, దొరల ఇళ్లలో వంటపనికి కుదిరారు. అక్కడ చూసిన విద్య మన వంటయిళ్లకూ వచ్చింది. 1961లో డర్బన్‌లోని ఉమెన్స్ కల్చరల్ గ్రూప్ వారు జులేఖా మాయత్ గారి సంపాదకత్వంలో ‘ఇండియన్ డిలైట్స్’ అనే గ్రంథాన్ని ప్రచురించి, ఈ దేశపు భారతీయ స్త్రీల వంటలకు అక్షరరూపం కల్పించారు. నోటిమాటగా తల్లి నుండి కూతురికి వస్తున్న విద్యకు అది గొప్ప గౌరవం.

ఇక క్రంబుల్ సంగతి. పండ్ల ముక్కలపై పిండి, వెన్న, చక్కెర వేళ్లతో నలిపి పొడిపొడిగా చల్లి కాల్చే వంటకమిది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో ఇది విశేషంగా వ్యాపించింది. 1940 జనవరిలో వెన్నకు, చక్కెరకు రేషన్ వచ్చింది. 1954 జూలైలో గాని రేషన్ పూర్తిగా తొలగలేదు. అప్పడంలా వత్తి పైనా కిందా పరచే పిండికి బదులు, పైన కాస్త పొడి చల్లితే సరిపోయేది. లేమిలో పుట్టిన ఉపాయం ఇది. మన అవ్వలకు ఇటువంటి ఉపాయాలు కొత్తగా నేర్పవలసిన పని లేదు.

ఇంత చరిత్ర చెప్పడానికి మా ఇంటి సంగతి ఒకటి కారణం. కొన్నేళ్ల క్రితం మా ఇంటి చిన్నదానికి సీలియాక్ అనే జబ్బు ఉన్నదని వైద్యులు చెప్పారు. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం ఆ జబ్బు ఉన్నవారి పేగులకు హాని చేస్తుంది. ఆ ఏటి దీపావళికి అందరి చేతుల్లో కేకు, దాని పళ్లెం ఖాళీ. అది ఏడవలేదు, “నాకు ఆకలి లేదు” అన్నది. ఆ మాటకు మేమందరం తలలు వంచుకున్నాం.

ఈ జబ్బు రహస్యం కనిపెట్టినవాడు హాలెండు శిశువైద్యుడు విల్లెం డికే. 1944–45 చలికాలపు కరువులో రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బు ఉన్న పిల్లలు తేరుకోవడం, రొట్టె తిరిగి వచ్చాక మళ్లీ నీరసించడం ఆయన గమనించాడు. అంతకుముందే ఉన్న అనుమానం బలపడింది. 1950లో తన పరిశోధన గ్రంథం వెలువరించాడు. 1952లో బర్మింగ్‌హాం వైద్యులు దోషం గ్లూటెన్‌దేనని తేల్చారు.

అదే బర్మింగ్‌హాంలో అంతకు నూరేళ్ల ముందు ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి ఉండేవాడు. భార్యకు గుడ్డు, ఈస్టు పడవు. ఆమె కోసం 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడిని, 1843లో బేకింగ్ పౌడరును తయారుచేశాడు. ఇంటిలో ఒక్కరికి పడకపోతే వంటనే మార్చాలి గాని, మనిషిని పంక్తి నుండి లేపరాదన్నమాట!

మేమూ అదే చేశాం. గ్లూటెన్ పిండికి సాగుడునిచ్చి పొంగును నిలుపుతుంది. పండ్ల కేకులో పండ్లు, గుడ్లు కూడ పట్టునిస్తాయి గనుక అది లేకపోయినా కేకు నిలబడుతుంది. 500 గ్రాముల ఎండుపండ్లు రాత్రంతా నారింజ రసంలో నానాలి. 175 గ్రాముల వెన్న, అంతే చక్కెర బాగా గిలకొట్టి, 4 గుడ్లు, 150 గ్రాముల బియ్యప్పిండి, 100 గ్రాముల బాదం పొడి, గ్లూటెన్ లేని బేకింగ్ పౌడరు ఒక చెంచా కలిపి, నానిన పండ్లు చేర్చి అరగంట ఉంచాలి. 150 డిగ్రీల వేడిలో సుమారు రెండు గంటలు కాల్చాలి. క్రంబుల్‌కు 200 గ్రాముల బియ్యప్పిండికి 100 గ్రాముల వెన్న, 100 గ్రాముల చక్కెర. అడుగున ఆపిల్ గాని, జామ గాని. 180 డిగ్రీలలో 40 నిమిషాలు.

ఒక హెచ్చరిక: రవ్వ కూడ గోధుమే. మైదా జల్లించిన జల్లెడ వాడరాదు. ఇంగువలో సైతం తరచు గోధుమపిండి కలుపుతారు. డబ్బాపై రాసినది చదవాలి.

అరిసెకు పట్టే బియ్యప్పిండే ఈ కేకుకూ ఆధారమైంది. మొదటి ముక్క చిన్నదాని చేతిలో పెట్టినప్పుడు, “ఇది నాదేనా?” అని అడిగింది. అవును తల్లీ, నీదే. మన తాతలు పండించిన తీపి, అవ్వలు వండిన పిండి. మన పంక్తిలో ఎవరి పళ్లెమూ ఖాళీగా ఉండరాదు.

శుభం.