కొల్లేరు హద్దు తేల్చేది కాంటూరే

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో విస్తరించిన కొల్లేరుకు స్థిరమైన ఒడ్డు లేదు. వర్షాకాలంలో బుడమేరు, తమ్మిలేరు తదితర ఏరుల నీరు చేరి సరస్సు పొంగుతుంది. వేసవిలో కుంచించుకుపోతుంది. మిగులు నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంలో కలుస్తుంది. అందువల్లనే ఇక్కడ హద్దును సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తును బట్టి నిర్ణయిస్తారు.

కాంటూరు అంటే..

ఒకే ఎత్తులో ఉన్న ప్రదేశాలను కలుపుతూ పటంపై గీసే రేఖే కాంటూరు. ఈ ఎత్తులకు సగటు సముద్ర మట్టం ఆధారం. దేశంలో తొలి లెవలింగ్ సర్వే 1858-1909 మధ్య జరిగింది. అందుకు సముద్ర మట్టాన్ని నమోదు చేసిన తొమ్మిది తీర కేంద్రాలలో విశాఖపట్నం ఒకటి. అంగుళానికి మైలు చొప్పున రూపొందించిన పాత సర్వే ఆఫ్ ఇండియా పటాలలో కాంటూరుల మధ్య తేడా సాధారణంగా 50 అడుగులు. కొల్లేరు మొత్తం పది అడుగుల ఎత్తులోపే ఉన్నందున ఆ పటాలు హద్దు నిర్ణయానికి చాలవు. అడుగుల లెక్కన ప్రత్యేక లెవలింగ్ అవసరం.

అడుగు తేడాతో వేల ఎకరాలు

నేల దాదాపు చదునుగా ఉన్నందున ఎత్తులో స్వల్ప తేడా వచ్చినా విస్తీర్ణం ఎంతో మారుతుంది. +3 అడుగుల కాంటూరు వద్ద సుమారు 135 చదరపు కిలోమీటర్లుగా ఉన్న సరస్సు, +5 వద్ద 308, +10 వద్ద 901 చదరపు కిలోమీటర్లకు చేరుతుంది.

ప్రభుత్వం 1999లో +5 కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో మాత్రం 901 చదరపు కిలోమీటర్లు నమోదయ్యాయి. అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను 2006లో తొలగించారు. జిరాయితీ రైతులు, లంక గ్రామాల మత్స్యకారుల ఉపాధి దృష్ట్యా హద్దును +3కు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. దీనిపై అధ్యయనం చేసిన అజీజ్ కమిటీ 2011లో కుదింపునకు అంగీకరించలేదు.

పాత కొలతలే ఆధారం

చెరువులు తవ్వి ఆ మట్టిని గట్లుగా పోయడంతో చాలాచోట్ల నేల సహజమైన ఎత్తు మారిపోయింది. నేడు కొలిస్తే గట్టు ఎత్తుగా, చెరువు లోతుగా కనిపిస్తుందే తప్ప పూర్వపు నేల మట్టం తెలియదు. కనుక తవ్వకాలకు ముందు నాటి లెవలింగ్ రికార్డులు, పటాలు భద్రంగా ఉంటేనే పక్షులకు నీరు ఎంత, రైతుకు భూమి ఎంత అన్న వివాదానికి నమ్మదగిన ఆధారం దొరుకుతుంది.