మట్టిలో దాగిన జ్వరం: మెలియాయిడోసిస్ పుట్టుపూర్వోత్తరాలు

వానాకాలంలో వరంగల్ ప్రాంతంలోని పాఖాల చెరువు కింద నాట్లు పడుతుంటే కూలీలు పొద్దంతా ఉత్త కాళ్లతో బురదలోనే ఉంటారు. కాలికి ముల్లు గుచ్చుకున్నా, వేళ్ల సందులు ఒరిసిపోయినా పట్టించుకునే తీరిక ఉండదు. అలాంటి తడి నేలల్లో, వరి మడుల్లో బతికే ఒక బ్యాక్టీరియా ఆ చిన్న గాయం దారినే ఒంట్లో చేరుతుంది. షుగర్ ఉన్న మనిషైతే కొద్ది వారాల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. దాని పేరు బర్ఖోల్డేరియా స్యూడోమల్లై. అది తెచ్చే జబ్బు మెలియాయిడోసిస్.

2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో కొద్ది నెలల్లో ఇరవై మందికి పైగా చనిపోయినప్పుడు వైద్యాధికారులు అనుమానించింది ఈ జబ్బునే. పత్రికల్లో ఆ పేరు చూసి ఇదేదో కొత్తగా వచ్చిపడిందని చాలామంది భయపడ్డారు. కానీ దీని చరిత్రకు నూరేళ్లు దాటాయి. అది మొదలైన ఊరు తెలుగువాళ్లకు కొత్త కాదు.

కోరంగి రేవులో ఓడలెక్కి మన కూలీలు పొట్ట చేతపట్టుకుని వెళ్లిన రంగూన్ అది. మనవాళ్లు రంగం అనేవారు. 1911లో అక్కడి జనరల్ ఆసుపత్రిలో ఆల్ఫ్రెడ్ విట్మోర్ అనే బ్రిటిష్ పాథాలజిస్టు, అసిస్టెంట్ సర్జన్ సి.ఎస్. కృష్ణస్వామి శవపరీక్షలు చేస్తూ ఒక వింత గమనించారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది నిలువనీడ లేని పేదలు, మార్ఫిన్ సూదులకు అలవాటుపడినవాళ్లు. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలు. చూస్తే గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ జబ్బులా ఉంది, కానీ వాళ్లకు గుర్రాలతో సంబంధమే లేదు. చీములోంచి తీసిన క్రిమిని పెంచి చూస్తే గ్లాండర్స్ క్రిమికి లేని చలనం దీనికి ఉంది, పెరుగుదలలోనూ తేడా ఉంది. ఇది వేరే జబ్బని తేల్చి, 1912లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఇద్దరి పేర్లతో ప్రకటించారు. లోకం దాన్ని ‘విట్మోర్ జబ్బు’ అంది. కృష్ణస్వామి పేరు మరుగున పడిపోయింది. ఈ జబ్బు కథ చెప్పిన ప్రతిసారీ ఆ పేరు కూడా చెప్పడం మన బాధ్యత.

మెలియాయిడోసిస్ అన్న పేరు 1921లో మలయాలో పనిచేసిన స్టాంటన్, ఫ్లెచర్ అనే వైద్యులు పెట్టారు. ఎలుకల వల్ల వ్యాపిస్తుందని ఆ రోజుల్లో అనుకునేవారు. అసలు నివాసం మట్టీ నీళ్లేనని ఆ తర్వాత వియత్నాంలో ఫ్రెంచి వైద్యులు కనిపెట్టారు. 1955లో షాంబన్ అనే పరిశోధకుడు ఈ క్రిమిని నేరుగా పరిసరాల నుంచే వేరుచేసి చూపాడు. వియత్నాం యుద్ధానికి వెళ్లిన అమెరికన్ సైనికులు కొందరికి ఇంటికి చేరాక ఏళ్ల తర్వాత ఈ జబ్బు బయటపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీగా ఆగ్నేయాసియాలో ఉన్న ఒక సైనికుడికైతే 62 ఏళ్ల తర్వాత బయటపడినట్టు వైద్య పత్రికల్లో నమోదైంది. అయితే అది చాలా అరుదు. ఎక్కువమందిలో క్రిమి సోకిన మూడు వారాల లోపే జ్వరం మొదలవుతుంది.

ఇంత ప్రమాదానికి కారణం ఈ క్రిమి మొండితనం. మందులు వాడీవాడీ తెచ్చుకున్న మొండితనం కాదది, పుట్టుకతోనే వచ్చింది. పెన్సిలిన్, ఆంపిసిలిన్, మామూలు సెఫలోస్పోరిన్లు, జెంటామైసిన్ చాలావరకు దీనిమీద పనిచేయవు. కొన్ని మందులను విరగ్గొట్టే ఎంజైములు దానికున్నాయి. లోపలికి వెళ్లిన మందును బయటికి తోసేసే పంపులూ ఉన్నాయి. జ్వరమొచ్చిన మనిషికి దగ్గర్లోని ఆర్‌ఎంపీ వేసే రెండు సూదులు అందుకే ఈ జబ్బును ఆపలేవు. థాయ్‌లాండ్‌లోని ఉబోన్ రచ్చథానీ ఆసుపత్రిలో జరిగి 1989లో ప్రచురితమైన పరీక్షలో సెఫ్టాజిడైమ్ అనే మందు వాడితే తీవ్రమైన కేసుల్లో మరణాలు 74 శాతం నుంచి 37 శాతానికి తగ్గాయి. ఇవాళ్టి వైద్యానికి అదే పునాది. కనీసం పది పద్నాలుగు రోజులు సెఫ్టాజిడైమ్ లేదా మెరోపెనెమ్ నరానికి ఎక్కించి, ఆ తర్వాత మూడు నెలలు కోట్రైమోక్సజోల్ మాత్రలు మింగాలి. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

మన దేశంలో దీన్ని 1990ల నుంచి గుర్తించడం మొదలైంది. వెల్లూరు, మణిపాల్ వైద్య కళాశాలల ప్రయోగశాలలు వెతికే కొద్దీ కేసులు బయటపడ్డాయి. ప్రపంచంలో ఏటా 1,65,000 మందికి ఈ జబ్బు వస్తోందని, 89,000 మంది చనిపోతున్నారని, ఈ భారంలో 44 శాతం దక్షిణాసియాదేనని 2016లో ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. అయినా మన ఆసుపత్రి రికార్డుల్లో కనబడేవి కొన్నే. వెతికిన చోట దొరుకుతుంది, వెతకని చోట టీబీ పేరుతోనో, మామూలు న్యుమోనియా పేరుతోనో మనిషి వెళ్లిపోతాడు.

వెతకడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. రోగి రక్తాన్నో, గడ్డలోంచి తీసిన చీమునో కల్చర్‌కు పెట్టాలి. సూక్ష్మదర్శినిలో క్రిమి రెండు చివర్లా రంగు పట్టి పిన్నీసులా కనబడుతుంది. జెంటామైసిన్ కలిపిన యాష్‌డౌన్ అగార్ అనే కల్చర్ మాధ్యమం మీద మిగతా క్రిములు చాలావరకు చస్తాయి, ఇది మాత్రం పెరుగుతుంది. నాలుగైదు రోజులకు ముడతలు పడ్డ ఊదారంగు కాలనీలు కనబడతాయి. జెంటామైసిన్‌కు, కొలిస్టిన్‌కు లొంగకుండా ఆమోక్సిసిలిన్-క్లావులనేట్‌కు లొంగితే అనుమానం బలపడినట్టే. చిక్కల్లా, చాలా ల్యాబుల్లో దీన్ని మామూలు సూడోమోనాస్ క్రిమి అని రాసి పక్కన పెట్టేయడమే.

వరంగల్ ప్రాంతంలో చెరువుల కింద వరి ఉంది, వానాకాలం బురద ఉంది, పల్లెపల్లెకూ షుగర్ పాకింది. ఈ మూడూ కలిసే చోట డాక్టర్లు ఈ జబ్బు పేరు మరిచిపోకూడదు. జిల్లా ఆసుపత్రుల్లో బ్లడ్ కల్చర్ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, అక్కడి ల్యాబ్ సిబ్బందికి ఈ క్రిమిని పట్టుకునే శిక్షణ ఇవ్వాలి. రైతులు, కూలీలు గాయమైన కాలితో బురదలో దిగవద్దు. వీలైతే బూట్లు తొడుక్కోండి, తాగే నీళ్లు కాచుకోండి. షుగర్‌ను అదుపులో పెట్టుకోండి. ఒకరి నుంచి ఒకరికి ఇది అంటుకోవడం చాలా అరుదు, కాబట్టి రోగిని దూరం పెట్టవద్దు. షుగర్ ఉన్న మనిషికి వానాకాలంలో వారం దాటినా జ్వరం తగ్గకపోతే, టీబీ పరీక్షలో ఏమీ తేలకపోతే, ‘బ్లడ్ కల్చర్ చేయించండి సార్’ అని డాక్టరును అడగండి. పేరు తెలిస్తే ఈ జబ్బుకు మందు ఉంది.